నల్లరాయి బూడిదరంగులో ఎందుకు పడింది?

కర్నూలు నుంచి కడప వెళ్లే జాతీయ రహదారి మీద నంద్యాల దాటి దక్షిణంగా నలభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేస్తే ఆళ్లగడ్డ వస్తుంది. అక్కడ శిల్పుల షెడ్లను మీలో చాలామంది చూసే ఉంటారు. రేకుల పందిళ్ల ముందు సగం చెక్కిన నందులు, ఆంజనేయస్వామి విగ్రహాలు, గుడి స్తంభాలు, నాయకుల బొమ్మలు వరుసగా నిలబడి ఉంటాయి. ఇదివరకు విగ్రహం కావలసినవారు బండి కట్టుకుని వచ్చి, రాయిని తట్టి చూసి, బేరమాడేవారు. ఇప్పుడు చాలా బేరాలు ఫోటోల మీదే జరుగుతున్నాయి. విగ్రహం ఎక్కడో దూరాన ఉన్న ఊరు చేరకముందే దాని ఫోటో అక్కడికి చేరుతుంది.

ఇప్పుడు మీకొక ప్రశ్న. కాటుకలాంటి నల్లరాతి విగ్రహాన్ని మంచి డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాతో, అన్నీ కెమెరాకే వదిలేసి ఫోటో తీశారనుకోండి. విగ్రహం ఫ్రేము నిండా ఉంది. ఫోటోలో అది సిమెంటు బొమ్మలాగా బూడిదరంగులో పడింది. అదే కెమెరాను పక్కనున్న పాలరాతి విగ్రహం వైపు తిప్పారు. అది కూడా మాసిన బట్టలాగా బూడిదరంగులోనే పడింది! ఎండ ఒకటే, చోటు ఒకటే, కెమెరా ఒకటే. ఫోటో చూసిన ఆసామి “మేము అడిగింది కృష్ణశిల కదండీ, ఇదేమి రాయి?” అంటే శిల్పి ఏమని చెప్పాలి?

కెమెరా చెడిపోలేదు. తనకు నేర్పిన పని తాను సక్రమంగానే చేసింది. అదెలాగో తెలియాలంటే మనం కెమెరా లోపలికి వెళ్లాలి.

అద్దం లేచిపోయే పెట్టె

డి.ఎస్.ఎల్.ఆర్. అంటే డిజిటల్ సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్. ‘సింగిల్ లెన్స్’ అనడంలో ఒక విశేషముంది. పాతకాలపు చిన్న కెమెరాల్లో ఫోటో తీసే కటకం ఒకటి, మనం కన్ను పెట్టి చూసే కిటికీ వేరొకటి ఉండేవి. అందుచేత దగ్గరి వస్తువును తీస్తే మనం చూసింది ఒకటి, పడింది ఒకటి అయ్యేది. ఇందులో అలా కాదు. కటకం గుండా వచ్చిన కాంతే మన కంటికీ చేరుతుంది.

కటకం వెనుక 45 డిగ్రీల వాలులో ఒక దర్పణం ఉంటుంది. అది కాంతిని పైకి మళ్లిస్తుంది. పైన ఉండే పెంటాప్రిజం దాన్ని మరికొన్ని సార్లు పరావర్తనం చెందించి, కుడియెడమలను సరిచేసి, కంటికి అందిస్తుంది. మీరు అట్టపెట్టెతో చేసిన పెరిస్కోపుకు ఇది కొంచెం చదువుకున్న తమ్ముడు! మీట నొక్కగానే దర్పణం టక్కున పైకి లేస్తుంది. దాని వెనుకనున్న తెర, అంటే షట్టర్, తెరుచుకుంటుంది. కాంతి సెన్సర్ అనే సిలికాన్ పలక మీద పడుతుంది. తెర మూసుకుంటుంది, దర్పణం దిగుతుంది. తమాషా ఏమిటంటే, కెమెరా చూసే ఆ ఒక్క క్షణంలో మీరు ఏమీ చూడలేరు. మీ కిటికీ చీకటైపోతుంది.

సెన్సర్ మీద లక్షల కొద్దీ బుల్లి గళ్లు ఉంటాయి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో అడ్డంగా 6000, నిలువుగా 4000. చాలా డి.ఎస్.ఎల్.ఆర్.లలో ఆ పలక వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లే. భాగహారం చేస్తే ఒక్కొక్క గడి సుమారు 4 మైక్రాన్లని తేలుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఈ 4 మైక్రాన్ల సంఖ్యను గుర్తుంచుకోండి, చివర దీనితో మనకు పని ఉంది.

గడిలో పడిన కాంతి సిలికాన్ నుంచి ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది. ఎంత కాంతి పడితే అన్ని ఎలక్ట్రాన్లు. వాటిని లెక్కించి అంకెలుగా మార్చడమే డిజిటల్ కెమెరా చేసే పని. ఇటువంటి పలకల్లో మొదటి రకమైన సి.సి.డి.ని 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ కనిపెట్టారు. 2009లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ దానితో మొదటి చేతి డిజిటల్ కెమెరా చేశాడు. బరువు 3.6 కిలోలు. గళ్లు అడ్డం వంద, నిలువు వంద. ఒక్క ఫోటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది! ఇప్పటి కెమెరాల్లో ఎక్కువగా సీమాస్ అనే మరో రకం పలక వాడుతున్నారు. కొత్తగా వస్తున్న కెమెరాల్లో దర్పణం కూడా తీసేస్తున్నారు. అయినా కింద చెప్పబోయే మూడు అంకెలు మాత్రం మారలేదు.

కాలువ తూము లెక్క

నంద్యాల ప్రాంతపు పిల్లలకు ఈ మూడు అంకెలను చెప్పడం తేలిక, ఎందుకంటే మనకు కె.సి. కెనాల్ ఉంది. మడి తడవాలంటే రెండు సంగతులు చూడాలి. తూము తలుపు ఎంత మేర ఎత్తారు? ఎంతసేపు ఎత్తి ఉంచారు? కొంచెమెత్తి చాలాసేపు వదిలినా, పూర్తిగా ఎత్తి కాసేపు వదిలినా మడిలోకి ఒకే నీరు రావచ్చు. కెమెరాలో తూము వెడల్పు పేరు అపర్చర్. ఎత్తి ఉంచిన సమయం షట్టర్ వేగం. కాలువ మీద లస్కరు ఎత్తే తలుపును కూడా మనవాళ్లు షట్టరనే అంటారు కదూ!

అపర్చర్‌ను ఎఫ్ సంఖ్యలతో చెబుతారు: 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22. ఈ వరస చూసి బెదిరిపోకండి. కటక నాభ్యంతరాన్ని రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ సంఖ్య. 50 మి.మీ. కటకానికి రంధ్రం 25 మి.మీ. అయితే ఎఫ్ 2. రంధ్రం 12.5 మి.మీ. అయితే ఎఫ్ 4. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుందని మీకు తెలుసు. కాబట్టి కాంతి సగం కావాలంటే వ్యాసాన్ని రెండుతో కాక, రెండు వర్గమూలంతో, అంటే 1.414తో భాగించాలి. పై వరసలో ఏ సంఖ్యనైనా 1.4తో గుణించి చూడండి, తర్వాతి సంఖ్య వస్తుంది. వర్గమూలం ఎందుకు పనికొస్తుందని అడిగే విద్యార్థికి కెమెరా కటకం అంచును చూపిస్తే సరిపోతుంది. సంఖ్య పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుందని మాత్రం మరవకండి.

రంధ్రం చిన్నదైతే కాంతి తగ్గడమే కాదు, మరో మార్పు కూడా వస్తుంది. శిల్పి షెడ్డు ముందు పది నందులు ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయి. మూడో నంది కంటికి సరిచేసి ఎఫ్ 2.8 వద్ద తీస్తే ఆ ఒక్క నందే స్పష్టంగా పడుతుంది, మిగతావి మంచులో ఉన్నట్టు కనిపిస్తాయి. ఎఫ్ 11 పెడితే ముందువీ వెనుకవీ కూడా తేరుకుంటాయి. కారణం తెలుసుకోవాలంటే మీ తరగతిలో హ్రస్వదృష్టికి కళ్లద్దాలు పెట్టుకునే మిత్రుణ్ణి పిలవండి. అద్దాలు తీసి, అట్టముక్కకు సూదితో చేసిన బెజ్జం గుండా నల్లబల్లను చూడమనండి. ఇంతకు ముందు అలుక్కుపోయిన అక్షరాలు చదవగలుగుతాడు. బెజ్జం కాంతి శంకువును సన్నబరుస్తుంది. శంకువు సన్నదైతే నాభి కొంచెం ముందు వెనుకలైనా బిందువు పెద్ద మచ్చగా మారదు. అలాగని ఎఫ్ 22 దాకా పోతే వివర్తనం వల్ల బొమ్మ మొత్తం కొంచెం మెత్తబడుతుంది. అందుకే అనుభవమున్నవారు ఎఫ్ 8, ఎఫ్ 11 దగ్గర ఆగుతారు.

ఇక షట్టర్. ఇది సెకనులో 60వ వంతు, 125వ వంతు, 250వ వంతు, ఇలా ఉంటుంది. కొన్ని కెమెరాల్లో 8000వ వంతు దాకా పోవచ్చు. ఇది ఎంత చురుకో తెలియాలంటే శిల్పి చేతిలోని గ్రైండర్‌ను చూడండి. ఆళ్లగడ్డలో ఉలి, సుత్తితో పాటు ఇప్పుడు అదీ మోగుతోంది. నాలుగంగుళాల, అంటే సుమారు 10 సెంటీమీటర్ల బిళ్ల నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుందనుకుందాం. సెకనుకు 183 చుట్లు. బిళ్ల చుట్టుకొలత 31.4 సెం.మీ. అంచు వేగం సెకనుకు సుమారు 58 మీటర్లు, అంటే గంటకు 200 కిలోమీటర్లకు పైమాటే! 60వ వంతు సెకనులో బిళ్ల మూడు చుట్లు తిరిగేస్తుంది, ఫోటోలో పొగచుట్టలా కనిపిస్తుంది. 1000వ వంతులో కూడా అంచు 58 మిల్లీమీటర్లు జరుగుతుంది. 4000వ వంతు పెట్టినా 14 మిల్లీమీటర్ల చెదురు తప్పదు. బిళ్ల నిలబడిపోయినట్టు కనిపించాలంటే షట్టర్ చాలదు, ఫ్లాష్ కావాలి. తక్కువ శక్తి మీద పెట్టిన ఫ్లాష్ మెరుపు 20,000వ వంతు సెకనే ఉంటుంది. అప్పుడు అంచు జరిగేది 3 మి.మీ. లోపే. పక్కనే ఉలితో చెక్కే శిల్పి చేతికైతే 500వ వంతు ధారాళంగా సరిపోతుంది.

మూడోది ఐ.ఎస్.ఓ. దీని గురించి చాలామందిలో ఒక అపోహ ఉంది. ఐ.ఎస్.ఓ. పెంచితే కెమెరా ఎక్కువ కాంతిని పట్టుకుంటుందనుకుంటారు. పట్టుకోదు. మడిలో నీరు జానెడు ఉండగా కొలబద్ద మీద గీతలు దగ్గరగా గీసి ‘మూరెడు నిండింది’ అనడం వంటిదే ఇది. వచ్చిన కొద్ది సంకేతాన్నే పెద్దది చేసి చూపడమన్నమాట. సంకేతంతో పాటు చెత్త కూడా పెద్దదవుతుంది. అదే ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే గరుకుదనం. వేడి వల్ల కూడా సిలికాన్‌లో కాంతి లేకుండానే కొన్ని ఎలక్ట్రాన్లు పుడుతుంటాయి. సెన్సర్ ఉష్ణోగ్రత సుమారు 6 నుంచి 8 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ అవి రెట్టింపవుతాయి. 40 డిగ్రీలు దాటే నంద్యాల వేసవిలో కెమెరాను ఎండలో కాచి సుదీర్ఘంగా ఫోటో తీస్తే మచ్చలు ఎక్కువ పడేది ఇందుకే. మన జిల్లాలోని బెలుం గుహల్లాంటి చీకటి చోట ఐ.ఎస్.ఓ. 3200 దాకా పెంచకుండా స్టాండ్ మీద కెమెరా నిలబెట్టి, ఐ.ఎస్.ఓ. 100 మీద షట్టర్‌ను పలు సెకన్ల పాటు తెరిచి ఉంచడం మేలు. రాళ్లు కదలవు గదా!

మూడింటినీ కలిపి చూడాలంటే ఒక పాత లెక్క ఉంది. నడినెత్తిన మంచి ఎండ ఉన్నప్పుడు ఎఫ్ 16 పెట్టి, ఐ.ఎస్.ఓ. ఎంతైతే షట్టర్ సెకనులో అన్నో వంతు పెట్టాలి. ఐ.ఎస్.ఓ. 100 అయితే సుమారు 125వ వంతు. అదే కాంతికి ఎఫ్ 11 వద్ద 250, ఎఫ్ 8 వద్ద 500, ఎఫ్ 5.6 వద్ద 1000. మీటరు లేని రోజుల్లో స్టూడియోల వారు ఇలా వేళ్ల మీద లెక్కపెట్టి తీసేవారు.

మీటరు చేసే మోసం కాని మోసం

ఇప్పుడు మన నల్లరాయి దగ్గరికి వద్దాం. కెమెరాను ఆటో మీద పెడితే లోపలి మీటరు వస్తువు నుంచి వచ్చే కాంతిని కొలిచి పై అంకెలను తానే ఎంచుకుంటుంది. కాని మీటరుకు రాయి నలుపో తెలుపో తెలియదు. నీడలో ఉన్న తెల్లరాయి నుంచి, ఎండలో ఉన్న నల్లరాయి నుంచి ఒకే కాంతి రావచ్చు. అందుచేత తయారీదారులు దానికొక సరాసరి నేర్పారు: ‘నీ ఎదుట ఉన్నది తన మీద పడిన కాంతిలో సుమారు 18 శాతాన్ని తిప్పి పంపే మధ్యరకం బూడిదరంగని భావించు.’ పొలాలు, మనుషులు, వీధులు ఉన్న మామూలు దృశ్యానికి ఈ సరాసరి చక్కగా కుదురుతుంది.

నల్లరాయి 18 శాతం పంపదు. నాలుగున్నర శాతం పంపుతుందనుకుందాం. అది 18లో నాలుగో వంతు. ‘ఓహో, వెలుతురు చాలడం లేదు’ అనుకుని మీటరు నాలుగు రెట్లు కాంతిని లోపలికి రానిస్తుంది. నలుపు బూడిదవుతుంది. పాలరాయి 70 శాతం పంపితే ‘వెలుతురు ఎక్కువైంది’ అనుకుని నాలుగో వంతుకు తగ్గిస్తుంది. తెలుపూ బూడిదే అవుతుంది.

దీనికి విరుగుడు కెమెరా మీదే ఉంది. కూడిక, తీసివేత గుర్తులున్న ఒక మీట. ఒక్కొక్క అంకె కాంతిని రెట్టింపు లేదా సగం చేస్తుంది. నాలుగు రెట్లు అంటే రెండు మెట్లు కనుక నల్లరాయికి −2, పాలరాయికి +2 పెట్టాలి. విగ్రహం వెనుక గోడ, ఆకాశం కూడా ఫ్రేములో ఉంటే ఒక మెట్టు చాలు. చీకటి దృశ్యానికి ఇంకా తగ్గించాలి, తెల్లదానికి ఇంకా పెంచాలి అన్నది మొదట తలకిందులుగా తోస్తుంది. పై లెక్కను కాగితం మీద ఒకసారి చేసి చూడండి, సందేహం తీరుతుంది.

శిల్పుల షెడ్లలో మరో చిక్కు వస్తుంటుంది. ఎండకు పైన నీలం పరదా కట్టి ఉంటే దాని కిందనున్న రాళ్లన్నీ నీలంగా పడతాయి. మన మెదడు ఆ నీలాన్ని తీసివేసుకుని చూస్తుంది, సెన్సర్‌కు ఆ తెలివి లేదు. వైట్ బ్యాలెన్స్ అనే అమరికలో, అదే పరదా కింద ఒక తెల్ల కాగితాన్ని ఫోటో తీసి ‘ఇది తెలుపు’ అని కెమెరాకు చెప్పాలి. నూనె రాసిన నల్లరాయి తళతళ మెరిసి చెక్కడం కనబడకపోతే ధ్రువణ ఫిల్టర్ వాడతారు. మహానంది కోనేటిలో నీరు అద్దంలా తేటగా ఉండి అడుగు రాళ్లు కనిపిస్తాయి కదా. పైన ఆకాశం మెరుస్తున్న వైపు నుంచి చూస్తే మాత్రం అడుగు కనబడదు. నీటి తలానికి గీసిన లంబంతో 53 డిగ్రీల కోణంలో పరావర్తనమైన మెరుపు పూర్తిగా ధ్రువణం చెంది ఉంటుంది. ఫిల్టర్‌ను తిప్పితే అది మాయమవుతుంది. అయితే ఫిల్టర్ వేస్తే కాంతి సగానికి పైగా తగ్గుతుంది కాబట్టి షట్టర్ సంగతి మళ్లీ చూసుకోవాలి.

దుమ్మును ఫోటో తీయడం

ఇంతవరకు విగ్రహాన్ని ఎలా చూపాలో చెప్పుకున్నాం. దాన్ని చెక్కే మనిషిని చూడండి. గ్రైండర్ రాయిని తాకగానే దుమ్ము లేస్తుంది. కంటికి పెద్దగా కనిపించేది ముతక దుమ్ము, అది కాసేపటికి నేల మీద పడిపోతుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లేది దాదాపు 4 మైక్రాన్లు, అంతకంటె చిన్న దుమ్ము. అంటే సెన్సర్ మీది ఒక గడి అంత! విడిగా అది కంటికి ఆనదు, గంటల తరబడి గాలిలో తేలుతుంది. అందులో క్వార్ట్జ్, అంటే సిలికా, ఉంటే ఏళ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ వస్తుంది. గట్టిపడిన ఊపిరితిత్తిని తిరిగి మామూలుగా చేసే మందు లేదు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ 20 శాతానికి పైనే ఉంటుంది. ‘బ్లాక్ గ్రానైట్’ పేరుతో అమ్మే నల్లరాళ్లు చాలావాటిలో అది తక్కువ. కాని ఒకే షెడ్డులో అన్ని రాళ్లూ చెక్కుతారు కాబట్టి రంగు చూసి ధైర్యపడడానికి లేదు.

కంటికి ఆనని దాన్ని కెమెరా చూపగలదా? ఫ్లాష్ వేసి ఎదురుగా తీస్తే చూపలేదు. ఆ ఫోటోలో గాలి శుభ్రంగానే ఉంటుంది. కొన్ని మైక్రాన్ల రేణువులు తమ మీద పడిన కాంతిలో ఎక్కువ భాగాన్ని ముందుకే, అంటే కాంతి ప్రయాణించే దిశలోనే, వెదజల్లుతాయి. రేకు కన్నం గుండా ఇంట్లోకి దిగే ఎండ కడ్డీలో దుమ్ము నాట్యమాడడం మీకు తెలుసు. దాని పేరు టిండాల్ ప్రభావం. వెలుగు వైపు తిరిగి చూసినప్పుడే అది బాగా కనిపిస్తుంది. కర్మాగారాల్లో దుమ్మును పరీక్షించే నిపుణులు ‘డస్ట్ ల్యాంప్’ అనే దీపాన్ని దుమ్ముకు వెనుక పెట్టి ఇదే పద్ధతిలో ఫోటోలు తీస్తారు.

ఆళ్లగడ్డలో దీనికి దీపం కూడా అక్కర్లేదు. తూర్పున నల్లమల ఉంది. పొద్దున సూర్యుడు కొండల మీదికి వచ్చిన తర్వాత కిరణాలు ఏటవాలుగా షెడ్డులోకి వస్తాయి. మీరు పడమట నిలబడి తూర్పుకు తిరగండి. సూర్యబింబం మాత్రం స్తంభం చాటునో, రేకు చాటునో ఉండాలి. డి.ఎస్.ఎల్.ఆర్. కిటికీ గుండా సూర్యుణ్ణి నేరుగా చూస్తే కన్ను పోతుంది. పనివాడి వెనుక నీడలో ఉన్న నల్లని గోడనో, చాపనో ఎంచుకోండి. మీటరును ఇక్కడ నమ్మవద్దు. చీకటి గోడను బూడిదగా మార్చబోయి అది దుమ్మును తెల్లగా అలికేస్తుంది. మీటలచక్రాన్ని ‘ఎం’ అక్షరం మీద పెట్టండి, అంటే అంకెలన్నీ మీవే. ఐ.ఎస్.ఓ. 200, ఎఫ్ 8, 500వ వంతుతో మొదలుపెట్టి, చూసుకుంటూ సరిచేయండి.

ఇలా తీసిన ఫోటోను ఒక పెద్ద శిల్పికి కెమెరా వెనుక తెర మీద చూపించాను. ఆయన ముక్కుకు తడి తువాలు కట్టుకుని ఉన్నారు. ఫోటోలో దుమ్ము మబ్బులాగా ఆయన తలదాకా లేచి, తువాలు చుట్టూ తిరిగి ఉంది.

“ఇదంతా ఇప్పటిదేనా సార్?” అన్నారు.

“ఇప్పటిదే ఆచారిగారూ. అంకెలు మార్చలేదు, రంగు వేయలేదు.”

“ముప్పై ఏండ్ల నుంచి ఇదే గాలిలో కూర్చున్నానే! నాకు ఎప్పుడూ ఇంత కనబడలేదు.”

తర్వాత ఆయన అబ్బాయి రాతిని తడిపి, అంతకు ముందు పొడిగా చెక్కిన చోటే ఉలితో పని చేశాడు. అదే చోట నుంచి, అవే మూడు అంకెలతో రెండో ఫోటో తీశాను. మబ్బు పలచబడింది. ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. ఆటో మీద తీసి ఉంటే కెమెరా రెండో ఫోటోకు తనంతట తాను కాంతి పెంచి, దుమ్ము తగ్గిందో లేదో తెలియకుండా చేసేది. అంకెలు కదలకుండా ఉన్నప్పుడే రెండు ఫోటోలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. ప్రయోగశాలలో ఒక్క రాశిని మార్చి మిగతావాటిని స్థిరంగా ఉంచమని చెబుతామే, అదే ఇది. ఎండ కూడా మారకుండా రెండు ఫోటోలూ కొద్ది నిమిషాల్లో తీయాలి. కరెంటుతో నడిచే మామూలు గ్రైండర్ మీద మాత్రం నీళ్లు పోయకూడదు, షాక్ కొడుతుంది. తడి పనికని తయారైన యంత్రాలు వేరే ఉన్నాయి. తువాలు కంటె ఎన్95 మాస్కు సన్నదుమ్మును ఎన్నో రెట్లు బాగా ఆపుతుంది.

కెమెరాకు కూడా ఈ దుమ్ము శత్రువే. షెడ్డులో కటకం విప్పి మార్చవద్దు. లోపలికి వెళ్లిన రేణువు సెన్సర్ ముందున్న గాజు మీద కూర్చుంటుంది. ఎఫ్ 2.8 వద్ద దాని నీడ చెదిరిపోయి కనబడదు, ఎఫ్ 16 వద్ద ఆకాశంలో నల్లచుక్కలా తేలుతుంది. ఎందుకో, సూదిబెజ్జం ప్రయోగం గుర్తు చేసుకుని మీరే చెప్పండి.

డి.ఎస్.ఎల్.ఆర్. అందని వారు ఇంట్లోని ఫోన్‌తో ప్రయత్నించవచ్చు. చాలా ఫోన్లలో ‘ప్రో’ అనే అమరిక ఉంటుంది. అపర్చర్ మార్చడానికి సాధారణంగా వీలుండదు గాని, షట్టర్, ఐ.ఎస్.ఓ. మీ చేతిలోనే ఉంటాయి. చీకటి గదిలో ఒక టార్చిలైటు, నల్లబల్ల తుడిచే డస్టరు చాలు. టార్చిని మొదట మీ పక్క నుంచి, తర్వాత ఎదుటి నుంచి వేసి, సుద్దపొడిని రెండుసార్లు తీయండి. ఫోన్ వైపు టార్చి నేరుగా పడకుండా మధ్యలో ఒక పుస్తకం అడ్డుపెట్టండి. ప్రతి ఫోటోలోనూ షట్టర్, అపర్చర్, ఐ.ఎస్.ఓ. అంకెలు, తీసిన సమయం దానంతట అదే రాసి ఉంటుంది. ఫోటో వివరాలు తెరిచి, రెండింటి అంకెలూ ఒకటేనా అని సరిచూసి, నోటుపుస్తకంలో ఎక్కించుకోండి.